బ్రిటన్‌లో పనిచేసిన చోట మిగిలిన చిన్న పెన్షన్ పాట్: రిటైరయ్యేటప్పుడు ఎలా తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్లు వేర్‌హౌస్‌లో, రెండేళ్లు కేర్ హోమ్‌లో, ఆ తర్వాత ఒకటో రెండో ఐటీ కంపెనీల్లో. బ్రిటన్‌లో చాలాకాలంగా ఉంటున్న తెలుగువాళ్లలో ఎక్కువమంది కథ ఇలాగే ఉంటుంది. 2012లో ఆటో ఎన్‌రోల్‌మెంట్ మొదలైనప్పటి నుంచి మనం అడిగినా అడగకపోయినా కంపెనీలు పెన్షన్‌లో చేర్చేస్తున్నాయి. 22 ఏళ్లు నిండి, స్టేట్ పెన్షన్ (ప్రభుత్వమిచ్చే పెన్షన్) వయసు ఇంకా రాని, ఏడాదికి 10,000 పౌండ్లకు పైగా సంపాదించేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఉద్యోగం మారిన ప్రతిసారీ వెనక ఒక పాట్, అంటే మీ పేరున పోగైన పెన్షన్ డబ్బు, మిగిలిపోతుంది. ఒకదాంట్లో 900, ఇంకోదాంట్లో 6,000, మరోదాంట్లో 11,000.

చిన్న మొత్తమే కదా అని చాలామంది ప్రొవైడర్ (పెన్షన్ నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో మొదట కనిపించిన బటన్ నొక్కేస్తారు. అదే 8,000 పౌండ్లు ఏ పద్ధతిలో, ఏ సంవత్సరంలో తీస్తారన్నదాన్ని బట్టి చేతికొచ్చేది వందల్లో, ఒక్కోసారి వేలల్లో మారిపోతుంది. ఈ పేజీ దాని కోసమే. ఇక్కడి అంకెలు 2025–26 పన్ను సంవత్సరానివి. స్కాట్లండ్‌లో ఆదాయపు పన్ను రేట్లు వేరు కాబట్టి అక్కడుండేవాళ్లు లెక్కలు మార్చి చూసుకోవాలి.

అసలు నాది పాటేనా? ఎన్‌హెచ్‌ఎస్‌లో చేశాను.

అయితే మీది పాట్ కాదు. ఎన్‌హెచ్‌ఎస్, కౌన్సిల్, స్కూలు ఉద్యోగాల పెన్షన్లు జీతాన్నీ సర్వీసునీ బట్టి లెక్కగట్టి జీవితాంతం ఇచ్చేవి. అక్కడ మీ పేరున కుండలో డబ్బు ఉండదు, ఏడాదికి ఇంత ఇస్తామన్న మాట ఉంటుంది. అలాంటిదాన్ని ఒకేసారి డబ్బుగా మార్చుకునే వీలు కొన్ని పరిమితుల్లోనే ఉంటుంది. ఒక స్కీమ్‌లోని హక్కు విలువ 10,000 పౌండ్లలోపు ఉన్నప్పుడు ఒక పద్ధతి ఉంది. మీ పెన్షన్లన్నీ కలిపి 30,000 పౌండ్లు దాటనప్పుడు ట్రివియల్ కమ్యుటేషన్ అనే ఇంకో పద్ధతి ఉంది. నా మటుకు నేను జీవితాంతం ధరలతో పాటు పెరిగే పెన్షన్‌ని, అది నెలకు 40 పౌండ్లే అయినా, తొందరపడి డబ్బు చేసుకోవద్దనే చెబుతాను.

నెస్ట్, ది పీపుల్స్ పెన్షన్, నౌ పెన్షన్స్ లాంటి స్కీమ్‌లలో ఉన్నదీ, బీమా కంపెనీ నడిపే గ్రూప్ పర్సనల్ పెన్షన్‌లో ఉన్నదీ పాట్. కింద ఉన్నదంతా వాటి గురించే.

ఏ వయసులో తీసుకోవచ్చు?

ఇప్పుడు 55. 2028 ఏప్రిల్ 6 నుంచి 57. అంటే 1973 ఏప్రిల్ 5 తర్వాత పుట్టినవాళ్లు, వాళ్ల స్కీమ్‌లో ప్రత్యేక రక్షణ ఏదీ లేకపోతే, 57 దాకా ఆగాలి. ప్రొవైడర్ కాగితాల మొదటి పేజీలో మీరు ఎంచుకున్న రిటైర్‌మెంట్ వయసు 65 అని ఉన్నా ఫర్వాలేదు, అది మార్చుకోవచ్చు. తీవ్రమైన అనారోగ్యంతో ఇక పని చేయలేని స్థితి వస్తే ఇంకా ముందే అడగొచ్చు.

ఇండియాకి వెళ్లిపోతున్నాను. పీఎఫ్ లాగా ఇప్పుడే మొత్తం తీసేసుకోవచ్చా?

కుదరదు. ఇండియాలో ఉద్యోగం మానేశాక పీఎఫ్ తీసుకున్న అలవాటుతో ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో చేరిన మొదటి నెలలోపు ఆప్ట్ ఔట్ అయితే (పెన్షన్ వద్దని బయటికొస్తే) కట్టింది వెనక్కి ఇస్తారు. ఆ గడువు దాటితే వీసా అయిపోయినా, దేశం వదిలేసినా, ఆ డబ్బు 55 లేదా 57 దాకా లోపలే ఉంటుంది.

"నలభై ఏళ్లకే తీయిస్తాం, పది శాతం కమీషన్" అంటూ వాట్సాప్‌లో వచ్చేవాళ్ల జోలికి పోకండి. వయసు రాకముందు బయటికి తీసిన డబ్బును బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ అనధికార చెల్లింపుగా చూస్తుంది. దాని మీద పన్ను 55 శాతం దాకా పడుతుంది, అదీ మీ మీదే. కమీషన్ తీసుకున్నవాడి ఫోన్ అప్పటికి పనిచేయదు. పెన్షన్ గురించి ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఫోన్ చేసి అమ్మడం 2019 జనవరి నుంచి బ్రిటన్‌లో నిషిద్ధం, కాబట్టి ఆ ఫోన్ వచ్చిందంటేనే విషయం అర్థమైపోవాలి.

వయసు వచ్చింది. నా ముందు ఎన్ని దారులున్నాయి?

2015 ఏప్రిల్ తర్వాత చాలానే ఉన్నాయి. కదిలించకుండా వదిలేయొచ్చు. మొత్తం ఒకేసారి తీసుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు. 25 శాతం పన్ను లేకుండా తీసుకుని, మిగతాది డ్రాడౌన్‌లో, అంటే పెట్టుబడిలోనే, ఉంచి కావలసినప్పుడు వాడుకోవచ్చు. యాన్యుటీ కొనుక్కుని జీవితాంతం నెలనెలా తీసుకోవచ్చు. వేరే పాట్‌తో కలపొచ్చు.

వీటిలో ఏది ఎంచుకున్నా మామూలుగా నాలుగో వంతుకు పన్ను ఉండదు, మిగతా మూడొంతులు ఆ ఏడాది మీ ఆదాయంలో కలుస్తాయి. చిన్న పాట్‌కి డ్రాడౌన్ పెట్టుకోవడం వల్ల లాభం తక్కువ, ఫీజులు, కాగితాలు ఎక్కువ. కొందరు ప్రొవైడర్లు చిన్న మొత్తాలకు ఆ సౌకర్యమే ఇవ్వరు. అందుకే 10,000 పౌండ్లలోపు ఉన్నవాళ్లకు అసలు ప్రశ్న ఒక్కటే: మొత్తం తీసేటప్పుడు ఏ పేరు మీద తీస్తున్నాం?

ఏ పేరు మీద తీస్తే ఏముంది? డబ్బు డబ్బే కదా?

మొత్తం ఒకేసారి తీసుకోవడానికి చట్టంలో రెండు వేరు వేరు తలుపులున్నాయి. ఒకటి మామూలుగా పాట్ ఖాళీ చేయడం. దీన్ని కాగితాల మీద యూఎఫ్‌పీఎల్‌ఎస్ అంటారు, ముక్కలుగా తీసినా ఇదే పేరు. రెండోది స్మాల్ పాట్ లంప్ సమ్. రెండింట్లోనూ 25 శాతం పన్ను లేకుండా వస్తుంది, మిగతాదానికి పన్ను ఉంటుంది. పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా లోపల ఉంది.

యూఎఫ్‌పీఎల్‌ఎస్‌లో ఒక్క పౌండ్ తీసినా సరే, ఆ రోజు నుంచి మీరు ఇలాంటి పాట్‌లలో పన్ను మినహాయింపుతో కట్టగలిగే పరిమితి ఏడాదికి 60,000 నుంచి 10,000 పౌండ్లకు పడిపోతుంది. అది మళ్లీ పెరగదు. స్మాల్ పాట్ పద్ధతిలో తీస్తే ఈ కోత ఉండదు. పన్ను లేకుండా జీవితకాలంలో తీసుకోగలిగిన 268,275 పౌండ్ల కోటాలోంచి కూడా ఏమీ తగ్గదు.

స్మాల్ పాట్‌కి షరతులివి: తీసేది 10,000 పౌండ్లు మించకూడదు, పెన్షన్ వయసు వచ్చి ఉండాలి, అక్కడ మీకున్న హక్కు మొత్తం దాంతో తీరిపోవాలి. సగం తీసి సగం ఉంచడం కుదరదు. బీమా కంపెనీల పర్సనల్ పెన్షన్లలోంచి ఇలా జీవితంలో మూడుసార్లే తీసుకోవచ్చు. నెస్ట్ లాంటి ఆక్యుపేషనల్ (ఉద్యోగుల కోసం ట్రస్టుగా నడిచే) స్కీమ్‌లకు ఆ మూడు లెక్క లేదు, ఎన్ని స్కీమ్‌లలో ఉంటే అన్నిసార్లు. అదే స్కీమ్‌లో ఇప్పటి కంపెనీ ఇంకా చందా కడుతుంటే ప్రొవైడర్ ఒప్పుకోకపోవచ్చు.

ఇది ప్రొవైడర్ తనంతట తాను చెబుతాడనుకోవద్దు. చాలా వెబ్‌సైట్లలో "అంతా డబ్బుగా తీసుకోండి" అనే ఒకే బటన్ ఉంటుంది, దాని వెనక ఏ తలుపు ఉందో రాసి ఉండదు. నొక్కే ముందు సెక్యూర్ మెసేజ్‌లో ఒక్క వాక్యం అడగండి: "దీన్ని స్మాల్ పాట్ లంప్ సమ్‌గా చెల్లిస్తారా, లేక యూఎఫ్‌పీఎల్‌ఎస్‌గానా?" జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

8,400 పౌండ్ల పాట్ ఉంది. చేతికి ఎంత వస్తుంది?

స్మాల్ పాట్ పద్ధతిలో 2,100 పన్ను లేకుండా వస్తుంది. మిగిలిన 6,300 మీద ప్రొవైడర్ 20 శాతం, అంటే 1,260 పట్టుకుని ప్రభుత్వానికి కడతాడు. చేతికి 7,140. అయితే ఆ 1,260 తాత్కాలికం. అసలు పన్ను మీ ఏడాది ఆదాయాన్ని బట్టి తేలుతుంది.

ఆ ఏడాది మీకు ఇంకో 5,000 పౌండ్ల ఆదాయమే ఉందనుకుందాం. 6,300 కలిపితే 11,300. పన్ను లేని పరిమితి 12,570 కాబట్టి ఆ 1,260 మొత్తం వెనక్కి అడగొచ్చు. ఏడాదికి 30,000 జీతం వస్తుంటే 20 శాతం సరిగ్గా సరిపోయింది, అటూ ఇటూ ఏమీ లేదు. జీతం 50,000 అయితే? ఆ పైన 50,270 దాకా ఉన్న 270 పౌండ్లకే 20 శాతం, మిగతా 6,030కి 40 శాతం. అంటే ఇంకో 1,206 పౌండ్లు తర్వాత కట్టాలి. ఇది తెలియక డబ్బు ఖర్చు పెట్టేసినవాళ్లకు మరుసటి ఏడాది టాక్స్ కోడ్ (ఎంత పన్ను పట్టుకోవాలో చెప్పే కోడ్) మారి, జీతం తగ్గి, అప్పుడు విషయం తెలుస్తుంది.

నాకు వేలల్లో పన్ను పట్టుకున్నారు. అంత ఎందుకు?

ఎమర్జెన్సీ కోడ్. యూఎఫ్‌పీఎల్‌ఎస్‌గా తీసిన తొలి చెల్లింపుకు ప్రొవైడర్ దగ్గర మీ సరైన టాక్స్ కోడ్ లేకపోతే 1257ఎల్ ఎం1 అనేది వాడతాడు. దాని ప్రకారం ఈ నెల వచ్చినంత ప్రతి నెలా వస్తుందని లెక్క. ఏడాది పరిమితులన్నీ పన్నెండో వంతుకు కుదించి పన్ను వేస్తారు.

24,000 పౌండ్ల పాట్ ఒకేసారి ఖాళీ చేశారనుకోండి. పన్ను పడే భాగం 18,000. నెలవారీ లెక్కలో కొంత 20 శాతంలో, కొంత 40లో, మిగతాది ఏకంగా 45 శాతంలో పడి, దాదాపు 6,480 పౌండ్లు కోసేస్తారు. ఆ ఏడాది మీకు వేరే ఆదాయమే లేకపోతే కట్టవలసింది 1,086 మాత్రమే. తేడా 5,400కి దగ్గర.

ఆ డబ్బు పోలేదు, వెనక్కి వస్తుంది. ఫారం మాత్రం సరైనది వేయాలి. పాట్‌లో కొంత మాత్రమే తీసి, ఆ ఏడాది ఇంకేమీ తీయకపోతే పీ55. మొత్తం ఖాళీ చేసి వేరే ఆదాయం కూడా ఉంటే పీ53జెడ్. మొత్తం ఖాళీ చేసి, పని మానేసి, వేరే ఆదాయం లేకపోతే పీ50జెడ్. స్మాల్ పాట్ లంప్ సమ్ మీద ఎక్కువ పట్టుకుంటే ఉత్త పీ53. చెల్లింపుతో ప్రొవైడర్ పంపే పీ45 (ఎంత ఇచ్చారో, ఎంత పన్ను పట్టుకున్నారో చూపే కాగితం) దగ్గర పెట్టుకోండి, దాంట్లోని అంకెలే ఫారంలో అడుగుతారు. ఏమీ చేయకపోయినా పన్ను సంవత్సరం ముగిశాక హెచ్‌ఎంఆర్‌సీ లెక్క సరిచూస్తుంది కానీ, అప్పటిదాకా మీ డబ్బు వాళ్ల దగ్గరే. పాత సంవత్సరాలవైతే ఆ పన్ను సంవత్సరం ముగిసిన నాలుగేళ్లలోపు అడగాలి.

ఏ సంవత్సరంలో తీస్తే మంచిది?

పని మానేసిన తర్వాత, స్టేట్ పెన్షన్ మొదలయ్యే ముందు. ఆ మధ్య ఏళ్లు దొరికినవాళ్లు అదృష్టవంతులు.

ఎందుకంటే పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు, ఏడాదికి 11,973. అది మొదలైందంటే పన్ను లేని 12,570లో మిగిలేది 597 పౌండ్లే. ఆ తర్వాత తీసే ప్రతి పాట్‌లోనూ ముప్పావు భాగానికి 20 శాతం పడుతుంది. ఉదాహరణకు 63 ఏళ్లకు పని మానేసి, 66–67కి స్టేట్ పెన్షన్ వచ్చేలోపు ఏడాదికొకటి చొప్పున మూడు చిన్న పాట్‌లు తీసుకుంటే, వేరే ఆదాయం లేని పక్షంలో వాటి మీద పన్నే ఉండదు. ఏప్రిల్ 5న పన్ను సంవత్సరం ముగుస్తుంది, కాబట్టి మార్చిలో ఒకటి, ఏప్రిల్ రెండో వారంలో ఇంకోటి తీసినా రెండు వేర్వేరు సంవత్సరాల లెక్కలోకి వెళ్తాయి. ఇందులో చమత్కారమేమీ లేదు, క్యాలెండర్ చూసుకోవడమే.

భార్యాభర్తల్లో ఒకరు ఇంట్లోనే ఉండి, వారి పేరున పాత పాట్ ఒకటి ఉంటే, పన్ను లెక్కలో అది వారి సొంత 12,570లోకే వస్తుంది. ఇది చాలా ఇళ్లలో మర్చిపోతారు.

ఇంకా ఉద్యోగం చేస్తున్నాను. పాత పాట్ తీసి ఇంటి అప్పు కట్టేయనా?

10,000లోపు ఉండి స్మాల్ పాట్ పద్ధతిలో తీయగలిగితే, 40 శాతం పన్ను శ్లాబులో లేకపోతే, ఆలోచించవచ్చు. యూఎఫ్‌పీఎల్‌ఎస్ అయితే పైన చెప్పిన 10,000 పరిమితి మీ మీద పడుతుంది. మీరూ కంపెనీ కలిపి ఏడాదికి 3,000 కడుతుంటే దాని వల్ల ఇబ్బంది లేదు. కాంట్రాక్టర్‌గా సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని ఏటా పెద్ద మొత్తం పెన్షన్‌లో వేసేవాళ్లకు మాత్రం పెద్ద దెబ్బే. ఆ పరిమితి మొదలైతే, ప్రొవైడర్ పంపే నోటీసు అందిన 91 రోజుల్లో, మీరు ఇంకా చందా కడుతున్న మిగతా ప్రొవైడర్లకు ఆ సంగతి మీరే తెలియజేయాలి.

అన్నీ ఒక్కచోట కలిపేయడం మంచిదే కదా?

సౌకర్యమే కానీ 55కి దగ్గర పడ్డాక కొంచెం ఆగి చూడండి. 7,000, 8,000 పాట్‌లు విడివిడిగా ఉంటే రెండూ స్మాల్ పాట్‌లు. కలిపితే 15,000 అవుతుంది, ఆ తలుపు మూసుకుపోతుంది. నలభైల్లో ఉన్నవాళ్లకు, పాత పాట్‌లో ఫీజు ఎక్కువ ఉంటే, కలపడమే మేలు.

నెస్ట్ విషయంలో ఒకటి గమనించాలి: మీరు ముగ్గురు యజమానుల దగ్గర పనిచేసి ముగ్గురూ నెస్ట్‌లోనే కట్టినా మీకుండేది ఒకే ఖాతా, ఒకే మొత్తం. మూడు పాట్‌లున్నాయని లెక్కేసుకోవద్దు. పాత పెన్షన్లలో కొన్నిటికి యాన్యుటీ రేటు గ్యారంటీ ఉంటుంది. అలాంటిదాన్ని కదిలిస్తే ఆ గ్యారంటీ పోతుంది, కాబట్టి ముందు కనుక్కోండి.

చిన్న పాట్‌తో యాన్యుటీ కొనొచ్చా?

కొనొచ్చు కానీ చాలా కంపెనీలు చిన్న మొత్తాలకు కొటేషన్ ఇవ్వవు. ఇచ్చినా నెలకు వచ్చేది పదుల పౌండ్లలో ఉంటుంది. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు తప్పక చెప్పాలి. వాళ్లకు ఎన్‌హాన్స్‌డ్ యాన్యుటీ కింద ఎక్కువ ఇస్తారు. మనవాళ్లు ఫారంలో "ఆరోగ్యం బాగానే ఉంది" అని రాయడం మర్యాద అనుకుంటారు. ఇక్కడ ఆ మర్యాద నష్టం.

యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయమున్నవాళ్లకు ప్రభుత్వ సాయం) వస్తోంది. పాట్ తీస్తే ఆగిపోతుందా?

స్టేట్ పెన్షన్ వయసు రాకముందు, పాట్‌లో ముట్టకుండా ఉన్న డబ్బును లెక్కలోకి తీసుకోరు. తీసి బ్యాంకులో వేసుకున్న క్షణం నుంచి అది మీ పొదుపు. పొదుపు 6,000 పౌండ్లు దాటితే క్రెడిట్ తగ్గడం మొదలవుతుంది, 16,000 దాటితే పూర్తిగా ఆగుతుంది. బెనిఫిట్ నిలుపుకోవడానికి ఆ డబ్బును కావాలని ఇండియాకి పంపేసినా, ఉన్నట్టే లెక్కగట్టే అధికారం వాళ్లకుంది.

నేను హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి నుంచే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కాకపోతే ఓపిక కావాలి. కొందరు ప్రొవైడర్లు బ్రిటన్ బ్యాంకు ఖాతాకే పంపుతారు, కాబట్టి తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఖాతా మూసేయకండి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పాత పేస్లిప్పులు భద్రంగా ఉంచండి. ప్రొవైడర్ దగ్గర అడ్రసుతో పాటు ఈమెయిల్ కూడా మార్చండి. పాత కంపెనీ ఇచ్చిన ఈమెయిల్‌తో ఖాతా తెరిచినవాళ్లకు పాస్‌వర్డ్ మార్చుకోవడమే గగనమైపోతుంది.

పన్ను విషయానికొస్తే, భారత్–బ్రిటన్ పన్ను ఒప్పందం ప్రకారం భారత నివాసికి వచ్చే ప్రైవేటు పెన్షన్ మీద పన్ను భారత్‌లో పడుతుంది. అయినా హెచ్‌ఎంఆర్‌సీ నుంచి ఎన్‌టీ కోడ్ (పన్ను పట్టుకోవద్దని చెప్పే కోడ్) వచ్చేదాకా ప్రొవైడర్ బ్రిటన్ పన్ను పట్టుకుంటూనే ఉంటాడు. దాని కోసం డీటీ–ఇండివిడ్యువల్ ఫారం, భారత పన్ను నివాసి అన్న రుజువు కావాలి. బ్రిటన్‌లో పన్ను లేని ఆ 25 శాతం ఇండియాలోనూ అలాగే ఉంటుందని అనుకోవద్దు. తిరిగొచ్చిన తొలి రెండు మూడేళ్లలో ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా (నివాసే కానీ ఇంకా సాధారణ నివాసి కాదన్న పన్ను హోదా) ఉన్నవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది. ఒకేసారి తీసే ముందు విదేశీ ఆదాయం లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్‌ని కలవండి.

ఇదే సందర్భంలో ఇంకోటి. నేషనల్ ఇన్సూరెన్స్ చందా లెక్కలో పదేళ్లు నిండినవాళ్లకు స్టేట్ పెన్షన్ కూడా ఇండియాకి వస్తుంది. అది మొదలైన రోజు ఎంతో ఎప్పటికీ అంతే, ఏటా పెరగదు.

పేరు మ్యాచ్ కావడం లేదంటున్నారు. ఏం చేయాలి?

తెలుగువాళ్ల క్లెయిమ్‌లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది, పేరోల్‌లో ఒక్క ఇనిషియల్ ఉంటుంది. లేదా పేరు రెండు ముక్కలై, రెండో ముక్క సర్‌నేమ్ అయిపోతుంది. కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, హెచ్‌ఆర్ వాళ్లు అసలు పేరునే రెండుసార్లు టైప్ చేసి ఉంటారు. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు ఒక కాగితంలోనే మారినవాళ్లు మరీ ఎక్కువ.

క్లెయిమ్ వేసే రోజు కాదు, ఏడాది ముందే లాగిన్ అయి పేరు, పుట్టినతేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు పాస్‌పోర్టుతో సరిపోల్చుకోండి. సర్టిఫికెట్ పుట్టినతేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి ఉన్నవాళ్లు పాస్‌పోర్టులో ఉన్నదే ఎక్కడైనా వాడాలి.

పాత పాట్ ఎక్కడుందో గుర్తే లేదు.

ప్రభుత్వ పెన్షన్ ట్రేసింగ్ సర్వీస్ ఉచితం. అది మీ పాట్‌ని చూపించదు, మీ పాత కంపెనీ ఏ స్కీమ్ వాడిందో, ఎవరిని అడగాలో చెబుతుంది. మీ పేరు కాదు, కంపెనీ పేరు కావాలి. ఏజెన్సీ ద్వారా చేసినవాళ్లు పనిచేసిన చోటు పేరు కాకుండా జీతం ఇచ్చిన ఏజెన్సీ పేరు వేయాలి.

నేను పోతే ఆ డబ్బు ఎవరికి వెళ్తుంది?

ప్రొవైడర్ దగ్గర మీరు ఎవరి పేరు నామినేషన్‌లో ఇచ్చారో మామూలుగా వాళ్లకు. విల్లులో రాశాం కదా అని వదిలేయకండి, చాలా పాట్‌లు విల్లు ప్రకారం నడవవు. ఇండియాలో ఉన్న అమ్మనో చెల్లెలినో కూడా పెట్టొచ్చు. పెళ్లికి ముందు అమ్మ పేరు పెట్టి ఆ తర్వాత మార్చనివాళ్లు చాలామంది. 75 ఏళ్లు నిండకముందు పోతే వారసులకు మామూలుగా ఆదాయపు పన్ను ఉండదు, తర్వాత అయితే వాళ్ల రేటు ప్రకారం పడుతుంది. 2027 ఏప్రిల్ నుంచి మిగిలిన పాట్‌లు వారసత్వ పన్ను లెక్కలోకి కూడా వస్తాయి.

ఎవరినైనా అడగాలంటే?

50 దాటి ఇలాంటి పాట్ ఉన్న ఎవరికైనా పెన్షన్ వైజ్ ఉచితంగా దాదాపు గంటసేపు మాట్లాడుతుంది. ప్రభుత్వం నడిపే మనీహెల్పర్‌లో భాగం అది. ఏది ఎంచుకోవాలో వాళ్లు చెప్పరు, మీ ముందున్న దారులేమిటో వివరిస్తారు. ఇంగ్లీషులో ఇబ్బంది అనుకుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. పాట్ విలువ, స్కీమ్ రకం, స్టేట్ పెన్షన్ అంచనా, ఈ మూడూ ముందే కాగితం మీద రాసుకుని కూర్చుంటే ఆ గంట సరిపోతుంది.